ఏగిసమ్మ తల్లి, వంగి కట్టే జెండా

మెట్ట ప్రాంతంలో, ముసురువాగు ఒడ్డున, ఏగిసపాడు గ్రామానికి తూర్పుగా ఉన్న చిన్న గుట్ట పాదాన ఏగిసమ్మ తల్లి వెలసి ఉన్నది. ఇక్కడ గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాలు, వాటిపై పెంకుల కప్పు, ఆ కప్పు కింద నేలమీద అడ్డంగా పడుకుని ఉన్న అమ్మవారు. మొదటిసారి వచ్చినవారు విగ్రహం ఎక్కడ అని అటూ ఇటూ వెతుకుతారు. వారు చెప్పులు విడిచి, చెయ్యి ఆనించి నిలబడిన ఆ పసుపు పూసిన దుంగే విగ్రహం. దుంగ అన్నాను గాని, అది రాయి. రాయి అన్నాను గాని, దానికి బెరడు ఉన్నది.

బస్సు దిగి జీడిమామిడి తోటల మధ్యగా నడిస్తే గుడి కనిపిస్తుంది. ఇప్పుడు జీడిమామిడి తగ్గి ఆయిల్ పామ్ పెరిగింది కాబట్టి దారి చల్లగానే ఉంటుంది. నా చిన్నతనంలో ఈ దారంతా ఇసుక. ఎడ్లు లాగలేక ఆగిపోతే ఆడవాళ్ళు బండి దిగి, చంకలో పిల్లలతో, చేతిలో పులిహోర గిన్నెలతో నడిచేవారు. తిరునాళ్ళకు వాగులో చెలమలు తీసి, ఆ నీళ్ళతోనే వంటలు చేసేవారు. ఆ నీటి రుచి ఇప్పుడు కొళాయిలో లేదని అనను. వయసు మళ్ళిన నాలుక సాక్ష్యం చెల్లదు.

ఇది రాయా, చెట్టా అని భక్తులు తరచూ అడుగుతారు. నేను కాలేజీలో చదివే రోజుల్లో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారు మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. అందరి చేతుల్లోనూ సుత్తులు ఉండేవి. వాగు దాటే ముందు ఆయన సుత్తులన్నీ బండిలోనే పెట్టించారు. "పొడి రాయిని చూస్తే మీకేమీ తెలియదు, తడిపి చూడండి" అని, పూజారి గారిని అడిగి చెంబెడు నీళ్ళు కొన మీద పోయించారు. తడిసిన చోట ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నని వలయాలు తేలాయి. బెరడు మీద నిలువు చీలికలు ఎలా ఉన్నాయో, కొమ్మ ఊడిన చోట ముడి ఎలా మిగిలిందో, పురుగు తొలిచిన గాడి ఎటు పోయిందో ఒక్కొక్కటే చూపించారు. ఏనాటిదో పెద్ద ఏరు చెట్టును ఒండ్రులో పూడ్చిందనీ, నీటిలో కరిగిన రాతిసారం కొయ్యలోకి రవ్వంత రవ్వంతగా చేరి కొయ్య స్థానాన్ని తాను తీసుకున్నదనీ, ఆకారం మాత్రం చెదరలేదనీ వివరించారు. పూజారి గారు అంతా శ్రద్ధగా విని, "మేమూ అదే కదండీ చెబుతున్నాం, చెట్టేనని! మీరు దీనికోసం అంత దూరం పోయి చదువుకున్నారా?" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే.

ఇక కథలోకి వస్తాను.

పూర్వం ఇక్కడ గుట్ట మీది వేణుగోపాలస్వామి గుడి ఒక్కటే ఉండేది. ఒక వేసవిలో వచ్చిన గాలివానకు గుడి ముందున్న ధ్వజస్తంభం మొదలుకంటా విరిగిపడింది. పైకి నున్నగా ఉన్నా, లోపలంతా చెదలు తినేశాయి. ధ్వజస్తంభం లేనిదే జెండా ఎక్కదు, జెండా ఎక్కనిదే స్వామి కల్యాణం జరగదు. కల్యాణం ఒక్క ఏడు తప్పినా ఊరికి అరిష్టమని అందరికీ బెంగ పట్టుకున్నది. ఊరి పెద్దకాపు సూరప్ప వెంటనే పేరోజుకు కబురు పంపాడు.

పేరోజు వడ్రంగి. బాడిస పట్టి కొయ్య చెక్కే పనులు అన్న కొడుకులకు వదిలేశాడు. అతనిది మాను చూపే హక్కు. ఇల్లు కట్టాలన్నా, బండి చేయించాలన్నా, నాగలికి కర్ర కావాలన్నా అతడు అడవికి వెళ్ళి చెట్టు మీద చెయ్యి వేసేవాడు. పేరు చెప్పేవాడు, వయసు చెప్పేవాడు, లోపల తొర్ర ఉంటే అదీ చెప్పేవాడు. అతడు సరే అంటేనే గొడ్డలి పడేది. తండ్రి నుంచి వచ్చిన ఆ మర్యాద తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

అయితే ఆ నాటికి పేరోజు రెండు కళ్ళకూ పొర కమ్మింది. వెలుగు, చీకటి తెలిసేవి, అంతే. ఈ సంగతి భార్య అక్కమ్మకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. అతడు అడవికి బయలుదేరితే ఆమె చితుకులు ఏరుకునే నెపంతో గంప పట్టుకుని వెంట నడిచేది. "మా ఆయనకు నేను పక్కన లేకపోతే అడవిలో దిగులమ్మా!" అని దారిలో ఎదురైన వారితో నవ్వేసేది. చెట్టు దగ్గర మాత్రం చితుకులు ఏరుతూ మెల్లగా గొణిగేది: ఆకు పండింది, ఎడమ పక్క కొమ్మ ఎండింది, జిగురు నల్లగా ఉంది. మిగిలిందంతా అతని వేళ్ళు చదువుకునేవి.

అడవిలో తగిన మాను ఇంకా దొరకకముందే ముసురువాగు పొంగి, పెద్ద వరద వచ్చి తగ్గింది. ఒడ్డు కోసుకుపోయిన చోట, బురదలో సగం కూరుకుని, పొడవాటి మాను ఒకటి బయటపడింది. ఊరంతా పరుగెత్తింది. స్వామే మాను పంపాడన్నారు. సూరప్ప పేరోజును చెయ్యి పట్టి తీసుకొచ్చాడు.

పేరోజు మోకాలి లోతు బురదలో దిగి బెరడు తడిమాడు. నిలువుగా లోతైన చీలికలు, మధ్యమధ్య పెచ్చులు. ముడుల మధ్య ఎడం చూసుకున్నాడు. వరద నీళ్ళలో మునిగి ఉన్నది కాబట్టి దాని చల్లదనం అతనికి వింతగా తోచలేదు. వేలి కణుపుతో కొట్టి చూశాడు. బురదలో కూరుకున్న మాను పలకదు, ఇదీ పలకలేదు. అప్పుడు అక్కమ్మ వంగి, నీళ్ళు తోడుతున్నట్టు నటిస్తూ, "ఎర్రగా కారుతోంది" అన్నది.

ఇక్కడ ఏగిస చెట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఏగిస బెరడుకు గాటు పెడితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. మా తాతగారు ఏగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి ఉదయం తాగేవారు. నీళ్ళు రంగు తిరిగి ఉండేవి. నేనూ ఒక గుక్క తాగి ముఖం చిట్లిస్తే, "మందు తియ్యగా ఉంటే అది మిఠాయిరా" అనేవారు. ఆ గ్లాసు ఏమైపోయిందో తెలియదు. అలాంటివి ఎవరూ పారేయరు, అయినా పోతాయి.

అక్కమ్మ చూసింది నిజమే. కాని అది జిగురు కాదు, ఒడ్డులోని ఎర్రమట్టి నీళ్ళు బెరడు చీలికల వెంట దిగుతున్నాయి. పేరోజుకు బెరడు ఒక సాక్ష్యం, ఎరుపు మరొక సాక్ష్యం. అతడు నడుము నిలిపి అందరూ వినేలా, "ఏగిస! చేవ తేరిన ఏగిస. ఇంత నిటారు మాను మన అడవిలో ఇప్పుడు లేదు. ధ్వజస్తంభానికి పూచీ నాది" అన్నాడు.

ముహూర్తం పెట్టారు. బురద తీసి, మానుకు పసుపు కుంకుమలు పెట్టి, డప్పులు వాయించారు. తొలి వేటు మాను చూపినవాడిదే. పేరోజు గొడ్డలి ఎత్తి మొదలు వైపు వేశాడు. ఖణేలుమన్నది. నిప్పురవ్వలు లేచాయి. గొడ్డలి అంచు మడతపడి, పిడి అతని చేతుల్లోంచి జారిపోయింది.

వెనకనుంచి ఎవరో, "పేరోజు ఏగిస! దీంతో నాగలి చేయించుకుంటే మనవల దాకా అరగదు" అన్నారు. జనం గొల్లున నవ్వారు.

సూరప్ప నవ్వలేదు. "పేరోజూ, రాతిని పట్టుకుని ఏగిస అన్నావా? నీ కళ్ళేమయ్యాయి?"

పేరోజు మాను పక్కనే చతికిలబడ్డాడు. అక్కమ్మ తట్టుకోలేకపోయింది. "ఆయన్నేమీ అనకండి బాబూ! ఎరుపని చెప్పింది నేను. నేను తప్పు చూస్తే ఆయనేం చేస్తాడు?" అన్నది.

మొగుణ్ణి కాయబోయి ఆమె ఇన్నేళ్ళ గుట్టును తానే విప్పింది. సూరప్ప ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "అయితే ఇన్నాళ్ళూ మా ఇళ్ళకు మాను చూపింది నువ్వా, నీ పెళ్ళామా?" అన్నాడు. ఇక మీదట మాను చూపడానికి పొరుగూరి వడ్రంగిని పిలుస్తామనీ, బయటపడింది రాయి గనుక అది రాతిపనివాడిదనీ తీర్పు చెప్పాడు. "మాచోజూ, చీల్చుకుని తీసుకుపో. గుడి మెట్లకు పనికొస్తుంది."

మాచోజు అక్కమ్మకు తమ్ముడు, ఊరికి రాళ్ళు కొట్టేవాడు. బావకూ బావమరిదికీ ఎప్పుడూ వాదులాటే. నీ తలుపులు నా గడప మీద నిలబడే తిరుగుతున్నాయని మాచోజు అనేవాడు. నా గొడ్డలి లేనిదే నీ సుత్తికి పిడి ఎక్కడిదని పేరోజు అనేవాడు. ఆ రోజు మాత్రం మాచోజు హేళన చెయ్యలేదు. సంచి దించి, ఉలులు పరుచుకుని, "లే బావా. ఇంటికి పో. అక్క ఏడుస్తోంది" అన్నాడు.

పేరోజు లేవలేదు. మాను మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. "చీల్చకు మాచోజూ. ఇది చెట్టు."

"నిప్పులు రాలాక కూడానా?"

"నా హక్కు పోయింది, పోనీ. కళ్ళు పోయాయని తెలిసింది, తెలియనీ. కాని ఈ వేళ్ళు ఎన్నడూ బెరడు కానిదాన్ని బెరడు అనలేదు. నువ్వు దీన్ని చీల్చి మెట్లు చేస్తే, పేరోజు రాతికీ చెట్టుకూ తేడా తెలియనివాడన్న మాటే మిగులుతుంది. అందరూ దాన్ని తొక్కుకుంటూ గుడికెళతారు." అతడు బావమరిది చెయ్యి పట్టుకుని మాను మీద నడిపించాడు. "ఇదిగో ముడి. ఇక్కడ కొమ్మ ఊడింది. ఊడిన చోట చుట్టూ బెరడు కప్పుకోబోయింది, పూర్తి కాలేదు. ఇదిగో పురుగు దారి. నీ కులంలో ఏ శిల్పి అయినా పురుగు తొలిచిన దారి చెక్కాడా?"

"రాయి రకరకాలుగా ఉంటుంది బావా. చిలకలాంటి రాయి కూడా చూశాను, అది ఎగరలేదు."

"చెట్టయితే ఆకు రాలుతుంది కదా! మాను ఉన్నచోట ఆకు ఉండాలి. పక్క ఒడ్డులో వేలికి పొరలు తగులుతున్నాయి. అదేం రాయి?"

"తెల్ల పలకరాయి. మెత్తన. ఎందుకూ పనికిరాదు."

"పొరలు విప్పు. ఆకు కనబడకపోతే ఈ మాను చీల్చుకో. నేను నోరెత్తను."

మాచోజు నిట్టూర్చి సన్న ఉలి తీశాడు. పొర అంచున పెట్టి మెల్లగా తట్టగా పలక తాటాకుల కట్టలా విడింది. లోపల ఏమీ లేదు. రెండోది విప్పాడు, ఏమీ లేదు. ఒడ్డు మీద చేరినవారు కాసేపు చూసి, అన్నాల వేళ కావడంతో ఇళ్ళకు మళ్ళారు. అక్కమ్మ ముఖం కడుక్కోవడానికి వాగు మలుపు వైపు వెళ్ళింది. బావా బావమరుదులు ఇద్దరే మిగిలారు. పలకలు కుప్ప పడుతున్నాయి. ప్రతి చప్పుడుకూ పేరోజు "ఉందా?" అంటున్నాడు. మాచోజు "లేదు" అంటున్నాడు.

ఒక పలక విడింది. మాచోజు చెయ్యి ఆగిపోయింది.

తెల్లటి రాతి మీద గోధుమ రంగులో ఒక ఆకు. నడుమ ఈనె, దానికి రెండు వైపులా దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా సన్నని రెబ్బలు. నిన్న రాలిన దానిలా ఒక్క రెబ్బ కూడా చెదరకుండా ఉంది.

"ఉందా?" అన్నాడు పేరోజు.

ఈ కథ చెప్పే పెద్దలు ఇక్కడ ఒక క్షణం ఆగుతారు. ఎందుకంటే మాచోజు ఆ రెండు పలకలనూ మళ్ళీ మూసి "లేదు" అంటే, కాదనే కళ్ళు ఆ వాగులో లేవు. అంత పొడవు, అంత గట్టి రాయి అతని బతుకులో ఎన్నడూ దొరకలేదు. పెద్దకాపు ఇచ్చిన మాట అతని వైపే ఉంది. బావ కూడా నోరెత్తనని చెప్పేశాడు. ఇన్నేళ్ళ వాదులాటలో గెలుపు అతని రెండు అరచేతుల మధ్య ఉంది.

"ఉంది బావా" అన్నాడు మాచోజు.

పేరోజు చెయ్యి చాపాడు. మాచోజు అతని వేళ్ళను ఆకు మీద పెట్టాడు. పేరోజు ఒకసారి, రెండుసార్లు తడిమాడు. అతనికి నున్నటి రాయి తప్ప ఏమీ తగల్లేదు. ఆకు కంటికి కనబడుతుందే గాని చేతికి అందదు.

"నాకు తెలియడం లేదురా. నువ్వే చెప్పు."

మాచోజు పక్కన కూర్చుని, ఈనె ఎలా ఉందో, రెబ్బలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో, కొన మొండిగా ఉందో సూదిగా ఉందో ఓపికగా చెప్పాడు. "ఈతాకులా ఉంది, కాని ఈత కాదు. ఇంత చిన్న ఈత ఉండదు. చింతాకు అందామంటే గుండ్రదనం లేదు. ఏ చెట్టు బావా ఇది?"

పేరోజు చాలాసేపు ఆలోచించాడు. "తెలియదు" అన్నాడు.

"మా అక్కను నీకిచ్చిన నాటినుంచీ ఈ మాట కోసం చెవులు కోసుకుంటున్నాను" అన్నాడు మాచోజు. ఇద్దరూ నవ్వారు. అక్కమ్మ వాగు మలుపులోనుంచి ఆ నవ్వులు విని, మొగుడికి మతి పోయిందేమోనని పరుగెత్తుకొచ్చింది.

మాచోజు ఆ పలకను తల మీద పెట్టుకుని ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. సూరప్ప ముందు దించి, "ఇది చెట్టే బాబూ. రాయి అయిన చెట్టు. మీరిచ్చినా దీని మీద నేను మేకు దించను. మా బావ తప్పు చెప్పింది పేరొక్కటే" అన్నాడు. జనం మళ్ళీ వాగుకు వచ్చారు. ఆకును చూశారు, బెరడును తాకారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అయినా జెండా ఎక్కడ కట్టాలన్నది తేలలేదు. పచ్చి మాను కొట్టి ఆరబెట్టే వ్యవధి లేదు. ఈ మానునే నిలబెడదామంటే ఊళ్ళో ఎడ్లన్నీ కట్టినా కదలలేదు. అప్పుడు అక్కమ్మ కొంగుతో మాను మీది బురద తుడుస్తూ, "ఎన్ని గాలులకు నిలబడి నిలబడి పడుకుందో తల్లి! మళ్ళీ నిలబెట్టడం ఎందుకు? జెండా మనమే వంగి కడదాం" అన్నది.

సూరప్ప పూజారి వైపు తిరిగి, "పడుకున్న ధ్వజస్తంభం శాస్త్రంలో ఉందా స్వామీ?" అని అడిగాడు.

"చెట్టు రాయి కావడం మాత్రం ఎక్కడుంది నాయనా? కట్టండి" అన్నాడు పూజారి.

ఆ ఏడు స్వామివారి జెండాను వాగులో పడుకున్న మానుకు కట్టారు, కల్యాణం జరిగింది. ఎగతాళిగా పుట్టిన 'పేరోజు ఏగిస' అన్న పేరులో, ఆడవాళ్ళు పసుపు పూయగా పూయగా పేరోజు మరుగున పడి ఏగిస నిలిచింది. తల్లి అన్న అక్కమ్మ మాటతో అది ఏగిసమ్మ అయింది. ఏగిస కాదని అందరికీ తెలుసు. అసలు పేరు ఎవరికీ తెలియదు కాబట్టి తల్లి ఈ పేరుకే పలుకుతుంది. మాను చూపే హక్కును సూరప్ప పేరోజుకే వదిలాడు. అప్పటినుంచి అక్కమ్మ గంప అవసరం లేకపోయింది. పేరోజు వెంట మాచోజు బాహాటంగా అడవికి వెళ్ళేవాడు. చెట్టు చెట్టు దగ్గరా ఇద్దరూ పోట్లాడుకునేవారట. వారు చూపిన మానుకు చెదలు పట్టిన దాఖలా లేదని ఊళ్ళో చెబుతారు.

ఇప్పుడు గుట్ట మీద స్వామికి చక్కని ధ్వజస్తంభం ఉన్నది, అది నిజమైన ఏగిసే. అయినా తిరునాళ్ళలో తొలి జెండా ఏగిసమ్మకే కడతారు. పేరోజు వంశంవారు ఒకరు కళ్ళు మూసుకుని బెరడు మీద చెయ్యి వేస్తారు. మాచోజు వంశంవారు ఒకరు పట్టుగుడ్డ తీసి ఆకు పలకను చూస్తూ రెబ్బ రెబ్బనూ పైకి చదువుతారు. "ఏ చెట్టు?" అని అడుగుతారు. "తెలియదు తల్లీ" అని పేరోజు వంశంవారి జవాబు. ఆ తరువాతే అందరూ వంగి జెండా కడతారు. ఈ కుటుంబాల్లో ఇప్పుడు ఒకరిది పట్నంలో తలుపుల దుకాణం, మరొకరిది గ్రానైట్ పాలిష్ పని. తిరునాళ్ళకు మాత్రం ఇద్దరూ ఒకే ఆటోలో దిగుతారు. దిగేటప్పుడు కిరాయి దగ్గర వాదులాడుకుంటూనే దిగుతారు.

సాధారణ భక్తులకూ ఇదే మొక్కు. ఇద్దరిద్దరుగా వచ్చి, ఒకరు కళ్ళు మూసుకుని తాకాలి, మరొకరు చూసి చెప్పాలి. మాటలు పడని అన్నదమ్ములు, అలిగిన వియ్యంకులు, చూపు తగ్గినవారు ఇక్కడ మనశ్శాంతి పొందుతారని నమ్మకం. వాగులో ఆకు ముద్రలున్న పలకలు కంటబడితే చూసి ఉన్నచోటనే ఉంచవలెను. ఇంటికి తీసుకుపోరాదు. ఇళ్ళలో అవి పొడి అయిపోతాయి.

ఒంటరిగా వచ్చినవారు వెనుదిరగనక్కరలేదు. అమ్మవారి పాదాల వైపున్న రాతి అరుగు మీద కాసేపు కూర్చోండి. చాలా ఏళ్ళు నేనూ మా ఆవిడా కలిసి వచ్చేవాళ్ళం, ఆవిడ చూసి చెప్పేది, నేను తాకేవాణ్ణి. ఇప్పుడు నేనూ ఆ అరుగు మీదే కూర్చుంటాను. ఎంతోసేపు కూర్చోవలసిన పని ఎన్నడూ పడలేదు. ఎవరో ఒకరు, ముక్కూ మొహం తెలియనివారు, దగ్గరికొచ్చి అడుగుతారు: "కళ్ళు మీరు మూసుకుంటారా, నన్ను మూసుకోమంటారా?"